పగలగొట్టని బాన

సోమర్టన్, అరిజోనా
6 ఫిబ్రవరి 1983

ప్రియమైన అక్క నికొలాసాకు,

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమేనని అనుకుంటున్నాను. నువ్వు ఉత్తరం రాయవు కనక అనుకోవడం తప్ప నాకు వేరే దారి లేదు.

ఒక మంచి కబురు. యూమాలో మన జాతి గురించి పెద్ద ప్రదర్శన పెడుతున్నారు. దాన్ని చూసుకునే మిస్ ప్రూయిట్ బాగా చదువుకున్న మనిషి. పాత సంగతులు తెలిసినవాళ్ళు ఎవరున్నారని మా ఊళ్ళో అడిగితే అందరూ నా పేరే చెప్పారట. ఇప్పుడు వారానికి మూడు రోజులు నేను అక్కడికి వెళ్ళి వచ్చినవాళ్ళకి మన జీవితం గురించి చెబుతున్నాను. నాకొక కుర్చీ వేశారు. ముప్పై ఏళ్ళు లెటూస్ తోటల్లో వంగిన నడుముకి కుర్చీ అంటే ఏమిటో నీకు తెలియదు.

నాకు చాలా సంగతులు గుర్తున్నాయి. అయినా ఒకటి రెండు నీ దగ్గర సరిచూసుకుంటే మంచిదనిపించింది. జమ్ముతో తెప్ప ఎలా కట్టేవారు? ఎక్కేముందు ఏమైనా చేసేవారా, పాడేవారా? ఆ నీపా గడ్డి గింజలు ఎప్పుడు కోసేవారు, ఎలా ఆరబెట్టేవారు? వివరంగా రాయి. మిస్ ప్రూయిట్ అన్నీ టైపు చేయిస్తుంది.

ఇంకొక మాట. ఇక్కడ మనవాళ్ళకి కొత్త ఇళ్ళు కట్టారు. కుళాయి ఉంది, గోడకి చల్లగాలి పెట్టె ఉంది. నువ్వు ఇంకా ఆ హార్డీ ఏటి గట్టున, రేకుల కింద, నీళ్ళు లేని ఏటిని చూస్తూ ఎందుకు? వచ్చెయ్యి. చేపలంటావేమో, ఇక్కడ అవి డబ్బాల్లో దొరుకుతాయి.

నీ తమ్ముడు,
అమోస్


ఎల్ మయోర్, హార్డీ ఏటి గట్టు
22 ఫిబ్రవరి

ఒరేయ్ అమోస్,

నీ ఉత్తరం అందింది. నీ స్పానిష్ చదువుతుంటే నోట్లో ఇసక పడ్డట్టుంది. అయినా పరవాలేదు, పెద్దమనిషివయ్యావుగా.

పాత సంగతులు తెలిసినవాడు ఎవరని అడిగితే నీ పేరు చెప్పారా! అయితే మిగిలినవాళ్ళందరూ పోయుంటారు, పాపం. ఏటికి వీపు తిప్పి యాభై ఏళ్ళయింది నీకు. ఎండ్రకాయ కరిస్తే ఏడ్చినవాడివి. తెప్ప మీద నువ్వు నిలబడగా నేను ఒక్కసారి చూడలేదు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని తెప్పల గురించి చెబుతున్నావు. వినేవాళ్ళు ఎంత అమాయకులో!

సరే, అడిగావు కనక రాస్తున్నాను. ఎండిన జమ్మును నిలువెత్తు మోపులుగా కట్టి, మూడు మోపుల్ని పక్కపక్కన చేర్చి, ముందూ వెనకా పైకి లేచేలా బిగించాలి. ఇక ఎక్కేముందు చెయ్యాల్సింది చాలా ముఖ్యం, సరిగ్గా రాసుకో. మగవాడు ఎడమకాలి మీద నిలబడి, రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తూ, కొంగలా మూడుసార్లు అరవాలి. అది చెయ్యకుండా మన పెద్దలెవరూ నీళ్ళలో కాలు పెట్టలేదు.

నీపా సంగతి. వేసవి ముదరక ముందు, సముద్రపు పోటు ఏటి నోట్లోకి ఎక్కి దిగిపోయాక, ఉప్పుబురద మీద పచ్చగా ఉండగానే కోసెయ్యాలి. పండిందాకా ఆగితే గింజ రాలి నీళ్ళపాలు. కోసింది నిప్పు పక్కన పరిచి ఆరబెట్టి, కాళ్ళతో తొక్కి, చాటలో చెరిగి, వేయించి విసరాలి. దాని జావ తాగితే మధ్యాహ్నం దాకా ఇంకేమీ అడగదు కడుపు. పైన ఆనకట్టలు కట్టాక అదీ లేదు. ఆఖరిసారి నేను కోసినప్పుడు ఒక్క చాటెడు వచ్చింది. దాన్ని ఎవరికి పెట్టాలో తెలియక నేనే తిన్నాను.

నీ కుళాయి నీ దగ్గరే ఉంచుకో. మన జాతి పేరుకి అర్థం ఏమిటో ఆ టైపు కొట్టే మనిషికి చెప్పావా? నది మీద ఉండేవాళ్ళు అని. కుళాయి కింద ఉండేవాళ్ళు అని కాదు. సరిహద్దు గీసినవాడు అక్కడ నిన్ను కొకొపా అన్నాడు, ఇక్కడ నన్ను కుకపా అన్నాడు. రెండు పేర్లు పెట్టి ఒక్క నదిని మింగారు.

డబ్బాలో చేప నువ్వే తిను.

నికొలాసా


సోమర్టన్
13 మార్చి

ప్రియమైన అక్కకు,

నీ వెటకారం అలాగే ఉన్నా, వివరాలు చాలా ఉపయోగపడ్డాయి. పోయిన శనివారం ఎనభై మంది వచ్చారు. ప్రదర్శనశాల ముందు ఉన్న చిన్న నీటి మడుగులో నేను కట్టిన తెప్ప దించాం. ఎడమకాలి మీద నిలబడి ఆ కొంగ ప్రార్థన చేశాను. అందరూ తలలు వంచారు. ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మిస్ ప్రూయిట్ "అమోస్, ఇది ఎక్కడా నమోదు కాని ఆచారం" అంది.

ఇప్పుడు ఇంకొక సంగతి కావాలి. ఏరు దాటేటప్పుడు పిల్లల్నీ సామాన్లనీ పెద్ద మట్టిబానలో పెట్టి, ఆడవాళ్ళు ఈదుతూ నెట్టేవారు కదా. అంత పెద్ద బానలు ఎలా చేసేవారు? మట్టిలో ఏం కలిపేవారు? పగుళ్ళు వస్తే దేనితో పూసేవారు? వీలైనంత త్వరగా రాయి. ప్రదర్శనలో పెట్టే వివరాల కార్డు అచ్చువెయ్యాలి.

ఎక్కడో పైన కొండల్లో మంచు బాగా పడిందనీ, ఆనకట్టలు నిండుతున్నాయనీ రేడియోలో చెబుతున్నారు. మీకేమైనా నీళ్ళు వదిలారా?

అమోస్


ఎల్ మయోర్
3 ఏప్రిల్

ఒరేయ్ అమోస్,

నీ ఉత్తరం పందిరి కింద అందరికీ చదివి వినిపించాను. రోసెందో తెలుసుగా, కొర్వీనా చేపలు లారీకెత్తి పైకి తీసుకెళ్ళేవాడు, వాడు నవ్వీ నవ్వీ కింద కూర్చుండిపోయాడు. ఒరే మూర్ఖుడా, మన పెద్దలు తెప్ప ఎక్కేముందు చేసిందల్లా ఒక్కటే, మొలకి చుట్టుకున్న గుడ్డ బిగించుకోవడం. కొంగ కూత నేను ఆ రోజు బట్టలు ఉతుకుతూ పుట్టించాను. ఎనభై మంది తలలు వంచారా! వాళ్ళ తలల గురించి ఇంక చెప్పేదేముంది!

నీపా గురించి రాసింది మాత్రం నిజం. తిండి విషయంలో నేను అబద్ధమాడను.

అవును, నీళ్ళు వస్తున్నాయి. ఇరవై ఏళ్ళుగా ఏరు అని పిలుస్తున్న ఆ ఉప్పుకాలవలోకి ఎర్రటి కొత్త నీరు దిగింది. మొదటి రోజు ముసలాళ్ళందరూ వెళ్ళి చేతులు ముంచి వాసన చూశారు. మట్టి వాసన. పదో రోజున ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. దిగలేదు, బూట్లకి బురదవుతుందని.

"ఖాళీ చెయ్యండి, నది వస్తోంది" అన్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

"మీ ఇళ్ళ మీదికి."

"మా ఇళ్ళ మీదికి కాదు నాయనా, దాని ఇంటికది వస్తోంది. ఇరవై ఏళ్ళు దాని పక్క మీద పడుకున్నది మేమూ మీరూను."

వాడికి అర్థం కాలేదు. కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. కాగితం గాలికి ఏట్లో పడింది. దాన్ని పట్టుకోవడానికి మాత్రం దిగాడు.

ఇక బాన సంగతి. కొండమట్టిలో పాత కుండపెంకులు నూరి కలుపుతారు. పగుళ్ళకి తుమ్మబంక. అంతకన్నా రాయను. ఆ ప్రశ్న నన్ను అడగడానికి నీకు నోరెలా వచ్చింది? నువ్వు ఎక్కి కూర్చుని దాటినవాడివి. నేను గట్టు మీద మిగిలినదాన్ని. మనల్ని కన్నావిడ రెండు చేతులతో నెట్టింది నిన్ను. నన్ను మన అమ్మమ్మ, ఆ ముసలమ్మ దగ్గర వదిలేసింది. ఆవిడ పోయినప్పుడు ఆ బాన పగలగొట్టి ఏట్లో కలిపామని నువ్వే నాతో చెప్పావు. పగిలినదాని గురించి మళ్ళీ అడక్కు.

నికొలాసా


ఎల్ మయోర్
24 ఏప్రిల్

అమోస్,

నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను.

రోసెందో నిన్న యూమా నుంచి వచ్చాడు. చేపలు చుట్టుకొచ్చిన కాగితాల్లో మీ ప్రదర్శన అచ్చుకాగితం ఒకటి ఉంది. దాని మీద నీ బొమ్మ. తల మీద ఈకల కిరీటం! మన జాతిలో ఎవరు పెట్టుకున్నార్రా ఈకల కిరీటం? ముఖం చూస్తే కోడిని మింగి ఈకలు కక్కలేక కూర్చున్నవాడిలా ఉన్నావు. దానికి నవ్వుకుని ఊరుకునేదాన్ని.

కానీ నీ పక్కన, అద్దాల పెట్టెలో, బాన.

నాకు తెలియదనుకున్నావా? మూతి దగ్గర బొటనవేలంత నొక్కు. నేను చిన్నప్పుడు పచ్చిమట్టి మీద వేలు పెడితే ఆవిడ నన్ను కొట్టింది. కొట్టి, ఆ నొక్కు తుడవకుండా అలాగే కాల్చింది. బొమ్మలో కూడా కనిపిస్తోంది.

దాని కింద ఆవిడ పేరు. అచ్చులో.

పోయినవాళ్ళ పేరు మనం పలకం. ముసలమ్మ పేరు నేను నలభై ఏళ్ళుగా పలకలేదు. నా మొగుడి పేరు నా కూతురు కూడా పలకదు. వాళ్ళ గుడ్డలు కాలుస్తాం, ఇల్లు కాలుస్తాం, కుండలు పగలగొడతాం. వెళ్ళేదారిలో వెనక్కి చూడ్డానికి ఏమీ మిగలకూడదని. నువ్వు ఆవిడ బాన దాచి, దాని కింద ఆవిడ పేరు వేయించి, దారినపోయే ప్రతివాడి చేతా చదివించావు. ఇరవయ్యారేళ్ళుగా ఆవిడని గుమ్మంలో నిలబెట్టి ఉంచావు, లోపలికీ బయటికీ కాకుండా.

ఆవిడ పోయిన రెండో రోజున నేను వస్తే, బూడిద చూపించి "అంతా అయిపోయింది, అక్కా" అన్నావు. మొహం తిప్పుకున్నావు. దుఃఖమనుకున్నాను. నేనెంత వెర్రిదాన్ని!

దాన్ని పగలగొట్టు. నువ్వే.

నికొలాసా


సోమర్టన్
8 మే

అక్కా,

నీ ఉత్తరం మా ఆవిడ చదవకుండా దాచాను. అంత మంది ముందు నన్ను నవ్వులపాలు చేసినదానివి నువ్వు. మర్యాద గురించి నాకు పాఠం చెబుతున్నదీ నువ్వే.

ఈకల సంగతి నాకూ తెలుసు. చూసేవాళ్ళు అవి ఉంటాయని అనుకుంటారని మిస్ ప్రూయిట్ చెప్పింది. చూసేవాళ్ళు లేకపోతే కుర్చీ ఉండదు.

బాన దాచాను. ఒప్పుకుంటున్నాను. అందరూ ఆవిడ గుడ్డలు మంట దగ్గరికి మోస్తుంటే, దాన్ని దుప్పటి కప్పి కోళ్ళగూటి వెనక పెట్టాను. నేను అందులో కూర్చుని ఏరు దాటాను. నాకు ఆ ఏటి నుంచి మిగిలింది అదొక్కటే. నీకు గట్టుంది, జమ్ముంది, చేపలున్నాయి, ఎగతాళి ఉంది. నాకు కాలవనీళ్ళ లెటూస్ మళ్ళు తప్ప ఏమున్నాయి? ఇన్నేళ్ళకి ఒకామె వచ్చి దాన్ని చూసి "ఎంత అందంగా ఉంది!" అంది. మన బాన గురించి ఆ మాట అన్నవాళ్ళు ఇంకెవరూ లేరు. ఇచ్చాను. కాగితం మీద సంతకం పెట్టాను. ఇప్పుడది నాది కాదు.

ఇంకొకటి కూడా విను. నన్ను వదిలేసింది, నన్ను వదిలేసింది అని జీవితమంతా పాడావు. అమ్మ ఇక్కడ బతికున్న ఇరవైనాలుగేళ్ళలో నువ్వెన్నిసార్లు వచ్చావు? లేదు, లెక్కపెట్టొద్దు, ఒకటికి లెక్కెందుకు. ఆవిడ ప్రతి సాయంత్రం స్టూలు దక్షిణం వైపు తిప్పుకుని కూర్చునేది. మా అందరికీ వీపు చూపించి. నేను పెట్టిన అన్నం తింటూ నీ వైపు చూసేది. పెద్ద నది మనిషివి! ఆవిడ పోయాక వచ్చి ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. బూడిద బూటుకాలితో కదిపి "బాగా కాలలేదు" అన్నావు. నాకు బాగా గుర్తుంది.

పగలగొట్టను.

అమోస్


గట్టు మీద నుంచి
29 మే

అమోస్,

ఎల్ మయోర్ అని రాయడానికి ఎల్ మయోర్ లేదు. మా ఇంటి రేకుల వరకూ నీళ్ళు. అందరం రోడ్డు గట్టు మీద పందిళ్ళు వేసుకున్నాం. నా కుట్టుమిషను, రెండు దుప్పట్లు, వల మిగిలాయి. గవర్నమెంటువాళ్ళు పాలపొడి పంచుతున్నారు. దాని మీద ఆవుదూడ బొమ్మ ఉంది, లోపల సున్నం రుచి.

నువ్వు రాసింది చదివాను. స్టూలు సంగతి నాకు తెలియదు.

ఆవిడ దక్షిణం వైపు చూస్తే చూసింది. నువ్వు కాగితం మీద సంతకం పెట్టి ఆవిడని ఇచ్చేశావు. మా దగ్గరికి వచ్చిన ఆ ఆఫీసరుకీ నీకూ తేడా బూట్లే. ఆ టైపు మనిషి బాన అందంగా ఉందంటే కరిగిపోయావు. యాభై అయిదేళ్ళ మగవాడివి, ఒక మెచ్చుకోలుకి తల్లిని తాకట్టు పెట్టావు. అంత ఆకలా?

ఇంక రాయకు. నీ ఉత్తరం తెచ్చేవాడు పడవ వేసుకుని రావాలి. వాడికెందుకు శ్రమ.

నికొలాసా


సోమర్టన్
19 జూన్

అక్కా,

రాయవద్దన్నావు. రాస్తున్నాను. జరిగింది ఎవరికైనా చెప్పాలి, నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు.

నిన్న ప్రదర్శనశాలలో జనం బాగా ఉన్నారు. పెద్ద టోపీ పెట్టుకున్న ఒకాయన బాన ముందు ఆగి, "ఎన్నేళ్ళదిది? రెండు వందలా?" అని అడిగాడు.

మిస్ ప్రూయిట్ "కచ్చితంగా చెప్పలేం, వందకి తక్కువ ఉండదు" అంది.

నేను "యాభై కొద్దిగా పైన. ఇందులో నేను కూర్చున్నాను" అన్నాను.

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. ముసలివాడు సరదా మాట అన్నాడనుకున్నారు. టోపీ ఆయన నా బుగ్గ గిల్లినంత పనిచేశాడు. మిస్ ప్రూయిట్ కూడా నవ్వి, "అమోస్ మాకు దొరికిన నిధి" అంది. ఆ మాటతో పాటు చెయ్యి అద్దాల పెట్టె మీద వేసింది, నా మీద కాదు. నేనెక్కడున్నానో అప్పుడు తెలిసింది నాకు.

కిరీటం తీసి కుర్చీలో పెట్టాను. ప్రతి శుక్రవారం పెట్టె తుడిచేది నేనే కనక తాళంచెవి నా జేబులోనే ఉంది. తెరిచాను. బానని రెండు చేతులా ఎత్తి పొట్టకి ఆనించుకుని నడిచాను. ఎవరూ ఆపలేదు. ప్రదర్శనలో భాగమనుకున్నారు. పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. టోపీ ఆయన నాకు తలుపు తీసి పట్టుకున్నాడు. వెనకాల చప్పట్లు, అక్కా! నేను దొంగతనం చేస్తుంటే చప్పట్లు కొట్టారు!

బానని నా బండి వెనక గడ్డి మీద పెట్టేదాకా మిస్ ప్రూయిట్‌కి అనుమానం రాలేదు. అప్పుడు పరుగెత్తుకొచ్చింది.

"అమోస్, అది సంస్థ సొత్తు. మీరు సంతకం పెట్టారు!"

"నా సంతకం మీ దగ్గరే ఉంచుకోండి, అమ్మా. అద్దాల పెట్టె ఖాళీగానే ఉంది, అందులో పెట్టండి" అన్నాను.

ఇవాళ పొద్దున పోలీసు ఒకడు మా ఇంటికి వచ్చాడు. మనవాడే, మా వీధి చివర కుర్రాడు. వాకిట్లో ఉన్న బాన వైపు చూడకుండా నాతో మాట్లాడి, "తాతా, నాకిక్కడ బాన ఏదీ కనిపించలేదు" అని రాసుకుని వెళ్ళాడు. మళ్ళీ ఇంకెవరైనా వస్తారు. వాళ్ళు వచ్చేలోపు, శనివారం, నేను బయల్దేరుతున్నాను. పగలగొట్టేది నేనొక్కణ్ణే అయితే కుదరదు. పెద్దదానివి నువ్వు.

తిడితే గట్టు మీద తిట్టు.

అమోస్


గట్టు మీద నుంచి
10 జులై

ఒరేయ్ అమోస్,

ఇంటికి చేరావని రోసెందో చెప్పాడు. దారిలో బండి రెండుసార్లు బురదలో దిగబడిందనీ చెప్పాడు. అనుకున్నదే.

నువ్వూ ఉన్నావు కనక ఆ రోజు సంగతి నీకు చెప్పనక్కర్లేదు. అయినా నీకు సరిగ్గా కనిపించిందని నాకు నమ్మకం లేదు కాబట్టి చెబుతున్నాను. నువ్వు ఆ గట్టు వాలు మీద బాన ఎత్తుకుని దిగుతుంటే అందరూ పందిళ్ళలోంచి బయటికొచ్చి చూశారు. ముసలి పెలికాన్ పక్షి మేడ మెట్లు దిగినట్టు దిగావు. సరిహద్దు గేటు దగ్గర వాడు "దీంట్లో ఏముంది?" అంటే "ఏమీ లేదు" అన్నావట, "మరెందుకు తీసుకెళ్తున్నావు?" అంటే "పగలగొట్టడానికి" అన్నావట. నిన్ను పిచ్చివాడనుకుని వదిలేశాడు. జీవితంలో మొదటిసారి నీ తెలివి నీకు పనికొచ్చింది.

మధ్యాహ్నపు ఎండలో, మోకాలిలోతు నీళ్ళలో నిలబడ్డాం. సుత్తి నా చేతికిచ్చి "నువ్వు పెద్దదానివి" అన్నావు. నా చెయ్యి లేవలేదు. నువ్వు నా మణికట్టు పట్టుకున్నావు. ఇద్దరం కలిసి కొట్టాం. మూడు ముక్కలైంది. తర్వాత నువ్వు ఏడుస్తూ ఒక్కొక్క ముక్కా చిన్నది చేసి లోతులోకి విసిరావు. నేను ఏడవలేదు. ముసలిదాని చెయ్యి లేవలేదని నువ్వు మీ ఆవిడతో చెప్పి ఉంటావు.

లేవనిది ముసలితనానికి కాదు. ఆవిడ వెళ్ళిపోయింది కనక ఇక చెప్పొచ్చు. ఎదుట చెప్పలేకపోయాను. నీ మొహం చూస్తే నాకు నిజాలు రావు.

ఆవిడ నన్ను వదిలెయ్యలేదు.

ఆ రోజు బానలో నువ్వు, బట్టలమూట, ఒక కోడిపెట్ట. నేను బాన మూతి పట్టుకుని పక్కన ఈదాలి. ఆవిడ వెనక నుంచి నెడుతుంది. అవతలి గట్టున మామయ్య ఉంటాడు, అక్కడి నుంచి నడిచి సోమర్టన్ వెళ్ళాలి. నాకు పదేళ్ళు. చేపలా ఈదేదాన్ని, నీళ్ళంటే భయం లేదు. కోపం వచ్చింది. వాడు ఎక్కాలట, నేను ఈదాలట. కోడికి కూడా బానలో చోటుంది, నాకు లేదు. జమ్ములోకి దూరి కూర్చున్నాను.

"నీకో! ఎక్కడున్నావే?" అని పిలిచింది. మూడోసారి పిలిస్తే వద్దామనుకున్నాను. మూడోసారి పిలిచింది. నాలుగోది కూడా పిలవనీ అనుకున్నాను. బాగుంది, అమోస్. ఆవిడ నా పేరు అంతసేపు అంతకుముందెప్పుడూ పిలవలేదు. ఎప్పుడూ నువ్వే ఆవిడ చంకలో. పది, పదిహేనుసార్లు పిలిచింది. గొంతు మారుతోంది. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అనుకుంటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు నువ్వు బానలోంచి గుక్కపట్టి ఏడుపందుకున్నావు. నీళ్ళు పెరుగుతున్నాయి. నేను ముసలమ్మ దగ్గరికి పారిపోయాననుకుని ఉంటుంది. నెట్టుకుంటూ వెళ్ళిపోయింది. నేను లేచి నిలబడేసరికి ఏటి నడుమ ఆవిడ తల ఎండిపోయిన సొరకాయంత కనిపించింది. అరవాల్సింది. పంతం. అరవలేదు.

మరుసటి ఏడాది నన్ను తీసుకెళ్ళడానికి వచ్చింది. నేను రానన్నానని ముసలమ్మ చేత చెప్పించాను. ఆ తర్వాత అందరితోనూ, నాతో కూడా, నన్ను వదిలేసింది అని చెప్పుకుంటూ వచ్చాను. చెప్పగా చెప్పగా నిజమైంది. నీ మీద ఇన్నాళ్ళూ ఉమ్మినదంతా ఆ జమ్ములో కూర్చున్న పిల్ల మీద ఉమ్మాల్సింది.

ఇది చదివి జాలిపడుతూ ఉత్తరం రాశావో, చింపి పొయ్యిలో పెడతాను.

నికొలాసా


సోమర్టన్
24 జులై

అక్కా,

జాలి పడడం లేదు.

నేను నిన్ను చూశాను.

బానలో నిలబడితే నేను అమ్మకన్నా ఎత్తు. జమ్ము మధ్య నీ నల్లటి తల, నోటి మీద చెయ్యి కనిపించాయి. నువ్వు నన్ను చూడలేదు, ఆవిడని చూస్తున్నావు. అమ్మ నన్నే అడిగింది. "పైనుంచి చూడు నాన్నా, అక్క కనిపిస్తోందా?" అని.

లేదన్నాను.

నువ్వు రాకపోతే ఆవిడ నా ఒక్కడిదే అవుతుందనుకున్నాను. ఆవిడ ఇంకా కదలకపోయేసరికి ఏడ్చాను. నాకు ఏడుపు రాలేదు, అక్కా. తెప్పించుకున్నాను.

చివరి రోజున, మాట పడిపోయేముందు, ఆవిడ నా చెయ్యి పట్టుకుని అడిగింది. "ఆ రోజు నిజంగా కనిపించలేదా?" నాకు ఇరవైతొమ్మిదేళ్ళు అప్పటికి. పెళ్ళయినవాణ్ణి. అప్పుడు కూడా లేదనే అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపు తట్టుకోలేక కోళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి అయిపోయింది. బాన దాచింది అందుకు. ఏరు గుర్తుగా అని నీకు రాసింది గొప్ప కోసం. పగలగొడితే ఆవిడకి జవాబు చెప్పే అవకాశం పోతుందనిపించింది, అంతే.

ఇక నీ ఇష్టం.

అమోస్


గట్టు మీద నుంచి
21 ఆగస్టు

ఒరేయ్ అమోస్,

నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. ఇన్నాళ్ళూ రాయలేదు. తీరిక లేక కాదు.

మొదటి రోజు నువ్వు ఎదురుగా ఉంటే నిన్ను నీళ్ళలో ముంచి పట్టుకునేదాన్ని. రెండో రోజు ఆవిడని తిట్టాను, పదిహేనుసార్లు పిలిచే బదులు రెండడుగులు జమ్ములోకి వేసి చూడొచ్చుగా అని. మూడో రోజు పొయ్యి ముందు కూర్చుంటే నవ్వొచ్చింది. అయిదేళ్ళ వెధవకి అంత తెలివా! తల్లిని కదిలించడానికి దొంగేడుపు ఏడ్చేంత తెలివా! ఆ తెలివంతా తర్వాత ఏమైందిరా? ఎవరెత్తుకుపోయారు?

నేను నిన్ను క్షమించను. నువ్వు నన్ను క్షమించొద్దు. ఆ మాటలు చర్చిలో పాలపొడి పంచేవాళ్ళవి. నోరు మూసుకుని కూర్చున్నదాన్ని నేను, నోరు తెరిచి అబద్ధమాడినవాడివి నువ్వు. మధ్యలో నిలబడ్డావిడకి మనిద్దరం బాకీ. ఆవిడ ఇప్పుడు వసూలు చెయ్యదు, వెళ్ళిపోయింది. దారి సాఫీగా ఉందనే అనుకుంటున్నాను. ఈ మధ్య సాయంత్రాలు ఉత్తరం వైపు తిరిగి కూర్చుంటున్నాను. ఊరికే. ఎండ కంట్లో పడకుండా.

అసలు సంగతి. మునిగిన పొలాల మీద చెరువంత నీరు నిలిచింది. దాంట్లోకి సముద్రం నుంచి చేపలెక్కాయి. చిన్నప్పుడు చూసినట్టు, నీళ్ళు ఉడికినట్టు కదులుతున్నాయి. గట్టు మీద ముసలాళ్ళకి మళ్ళీ నడుములు వచ్చాయి. ఇది ఎన్నాళ్ళో ఉండదు. పైవాళ్ళ దయ నాకు తెలుసు, మిగులు ఉన్నంతసేపే అది. గేట్లు దించేస్తారు, మళ్ళీ ఉప్పు తేలుతుంది. ఆఫీసరు అప్పుడే కొత్త ఊరికి ముగ్గు పోస్తున్నాడు, ఏటికి కనిపించనంత దూరంలో.

నా దగ్గర వల ఉంది. పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. ఇన్నాళ్ళూ రెండో కొస రోసెందో పట్టాడు. వాడు కూతురు పురిటికని మెహికాలి వెళ్ళాడు. నీకు వల వెయ్యడం రాదని నాకు తెలుసు. లాగడమూ రాదు. నడుం లోతు నీళ్ళలో కొస పట్టుకుని కదలకుండా నిలబడ్డానికి తెలివి అక్కర్లేదు.

పై సోమవారం పోటు ఎక్కుతుంది. వచ్చి నిలబడు.

నీకో